పావు చుట్టు

రంగశాయిపేట మొగిలయ్య పొద్దున్నే లారీ ఎక్కే ముందు దేవుడికి దండం పెట్టేవాడు కాదు, టైర్లను కొట్టేవాడు. సీటు కింద మూరెడు ఇనుప రాడ్డు ఒకటి ఉండేది. చేతి చెమటకు నునుపెక్కి, ఒక కొస కాస్త వంగి ఉండేది. దాన్ని పట్టుకుని లారీ చుట్టూ తిరుగుతూ ఒక్కో టైరు మీద ఒక్కో దెబ్బ వేసి, తల పక్కకు వంచి వినేవాడు. ఆ వినడంలోని దర్జా చూడడానికి పోచమ్మ మైదానం లారీల అడ్డాలో డ్రైవర్లు, హమాలీలు నోట్లోని బీడీ కూడా పీల్చకుండా నిలబడేవాళ్లు. "దీంట్ల ఐదు పౌండ్లు తక్కువున్నది" అంటే తక్కువున్నట్టే. అనుమానం ఉన్నవాళ్లు మొదట్లో గాలి కొలిచే గేజి పెట్టి చూశారు. మాట తప్పలేదు. ఆ తర్వాత ఆ అడ్డాలో గేజి అడగడమే తప్పైపోయింది. "మొగిలన్నా, జర మా బండి గూడ కొట్టి చూడరాదే" అని పక్క లారీల వాళ్లు వెంటపడేవాళ్లు. ఆయన చాలాసేపు బతిమాలించుకుని, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు ముఖం పెట్టి, ఒక దెబ్బ వేసేవాడు.

మంచి పనిమంతుడని అందరూ అనేవాళ్లు. మంచి మనిషని మాత్రం ఎవరూ అనలేదు. అది అతనికి లోటుగా తోచలేదు.

అతని లారీ స్టేషన్ రోడ్డులో పత్తి, మిర్చి కమీషను వ్యాపారం చేసే రామలింగం సేటుది. అంతకు ముందు ఆ సీటు సారంగపాణి అనే పెద్దమనిషిది. ఆ రోజుల్లో లారీ ఇంజను డ్రైవరు మోకాలి పక్కనే ఉండేది. ఏండ్ల తరబడి ఆ మోత పక్కన కూర్చుంటే చెవులు ఏమవుతాయో అదే సారంగపాణి చెవులకూ అయింది. వెనక నుంచి బస్సువాడు కొట్టే హారను వినిపించక ఒకసారి దాన్ని గీరాడు. ఆ సాయంత్రమే సేటు అతన్ని దించి తాళాలు మొగిలయ్య చేతిలో పెట్టాడు. ముసలాయన్ని మిర్చి గోదాముకు కాపలా పెట్టాడు.

అంతటితో వదిలేస్తే మొగిలయ్య మొగిలయ్య ఎందుకవుతాడు? రోజూ గోదాము ముందు ఆగి, గొంతు రానీయకుండా పెదాలు మాత్రం ఆడిస్తూ సారంగపాణితో ఏదో మాట్లాడుతున్నట్టు నటించేవాడు. ముసలాయన కంగారుపడి చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని ముందుకు వంగేవాడు. "ఆఁ? ఏమన్నవ్ మొగిలీ? జర గట్టిగ జెప్పు బిడ్డా." అడ్డా అడ్డా అంతా కడుపు పట్టుకుని నవ్వేది. మొగిలయ్య ఇంకోసారి పెదాలు ఆడించేవాడు. ఒకరోజు ఆ పెద్దమనిషికి సంగతి అర్థమై కండ్లనీళ్లు పెట్టుకున్నాడు. దానికి ఇంకా ఎక్కువ నవ్వారు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, చెవులు పోయిన డ్రైవరుకు ఆ అడ్డాలో ఏం జరుగుతుందో మొగిలయ్యకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఆ ఆట కనిపెట్టింది అతనే.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు, దసరా ముందు, సేటు లారీ ముందు చక్రాలకు రెండు కొత్త టైర్లు కొన్నాడు. పండుగనాడు బండికి పూజ చేసేటప్పుడు ముందు టైర్లు బోడిగా ఉంటే నలుగురిలో పరువు తక్కువని ఆయన బాధ. చక్రాలు ఎలాగూ విప్పుతున్నారు గనుక వాటి నడిమి హబ్బులు కూడా విప్పి గ్రీజు పెట్టమని కొమురెల్లిని పిలిపించాడు.

కొమురెల్లిది కొత్తవాడ. భార్య అనసూయ జంపఖానాల మగ్గాల దగ్గర నూలు కండెలు చుట్టేది, ఇతను అడ్డాలో లారీల కింద పడుకుని బతికేవాడు. నెమ్మదస్తుడు. తెలిసిన పనిని తెలిసినట్టు చేసేవాడు, తెలియనిది అడిగేవాడు. హబ్బు పని అతనికి ఒక ముసలి ఉస్తాద్ నేర్పాడు. బేరింగు ఎక్కించి, నట్టును నిండా బిగించి, చక్రాన్ని చేత్తో తిప్పి చూసి, ఆ తర్వాత నట్టును పావు చుట్టు వెనక్కి వదలాలి. లోపల బేరింగు మెసలడానికి జాగా కావాలి, లేకపోతే వేడెక్కి మాడిపోతుంది. కొమురెల్లి ఆ రోజూ అట్లాగే చేశాడు. ఏ తప్పూ చేయలేదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ఇకముందు చెప్పేవాళ్లు ఉండరు.

కొత్త టైర్లకు గాలి కొట్టినవాడు గేజి పట్టుకుని వచ్చాడు. మొగిలయ్య వాడి చెయ్యి పక్కకు నెట్టేశాడు. "నాకే గేజి సూపిస్తానవా?" రాడ్డు తీసి ఒక్కోదానికి ఒక్క దెబ్బ వేశాడు. తల వంచి విన్నాడు. కొత్త రబ్బరు దళసరిగా, బిర్రుగా ఉంది. గాలి సగమే ఉన్నా గట్టిగానే మోగింది, కంటికి కూడా నిండుగానే కనిపించింది. "సరిపోయింది" అన్నాడు. టైర్లకు పసుపూ కుంకుమా పెట్టారు, నిమ్మకాయలు తొక్కించారు, బండి కదిలింది.

మామునూరు దాటేదాకా ఏమీ తెలియలేదు. పత్తి బేళ్ల లోడుతో ఖమ్మం దారిలో వేగం అందుకోగానే లారీ తాగినట్టు ఊగడం మొదలుపెట్టింది. అది రోడ్డు మీద పోవడం లేదు, రోడ్డును వెతుక్కుంటూ పోతున్నది. స్టీరింగు ఇటు తిప్పితే బండి కాసేపు ఆలోచించి అప్పుడు వచ్చేది, వచ్చిందంటే అవసరానికి మించి వచ్చేది. దాన్ని సర్దబోతే అటు పోయేది. వర్ధన్నపేట మలుపులో ఎదురుగా వచ్చిన బస్సును తప్పించేసరికి మొగిలయ్య అంగీ వీపుకు అంటుకుపోయింది. డ్రైవరైన తర్వాత అతను అంత భయపడడం అదే మొదటిసారి.

తిరిగి వచ్చి సేటుకు చెప్పాడు. "బండి చేతికి వస్తలేదు సేటూ. అటూ ఇటూ గుంజుతాంది."

అప్పటినుంచి లారీకి వైద్యం మొదలైంది. కుడి టైరు ఎడమకు, ఎడమ టైరు కుడికి మార్చారు. ఊపు పోలేదు. లోడు వెనక్కి సర్దారు. పోలేదు. స్టీరింగు పెట్టెలో లూజు ఉందని బిగించారు, స్టీరింగు బరువెక్కింది గానీ బండి ఊగడం మానలేదు. దారం పట్టి రెండు చక్రాల మధ్య ముందూ వెనకా కొలిచారు, సరిగ్గా ఉంది. ముందు చక్రాలు పక్కకు మలిగే కింగ్ పిన్నులు విప్పి చూశారు, బాగున్నాయి. ఎవరి కండ్లో పడ్డాయని మైసమ్మ దగ్గర కోడిని కోశారు. కోడిని మనుషులు తిన్నారు, లారీ ఎప్పటిలాగే ఊగింది.

కొమురెల్లి మాత్రం లారీ కింద నుంచి లేవలేదు. అన్నం కూడా అక్కడికే తెప్పించుకుని తిన్నాడు. కనిపించిన ప్రతి నట్టూ, ప్రతి పట్టీ ముట్టి చూశాడు. ముట్టనిది ఒక్కటే, టైర్లలో గాలి. అనసూయ సద్ది తెచ్చినప్పుడు ఊరికే అడిగింది, "గాలి గిట్ట తక్కువుందేమో?" అని. కొమురెల్లి నవ్వాడు. "మొగిలన్న కొట్టి చూసిండు గదనే. గాలి ఫికర్ లేదు."

అడ్డాలో గుసగుసలు పుట్టాయి. మొగిలయ్య చెయ్యి పడిపోయిందని ఒకరు, కండ్లు తగ్గాయని ఒకరు. నిన్నటిదాకా బండి కొట్టి చూడమని వెంటపడ్డవాళ్లే. సేటు తేల్చి చెప్పేశాడు. "బండిల ఏం లేదంటాన్రు. ఇగ నువ్వన్న సక్కగ నడపాలె, లేకుంటె నీ సీట్ల ఇంకొగడన్న కూసోవాలె. ఈ ట్రిప్పు పోయిరా, సూస్త."

ఆ ట్రిప్పులోనే తెలిసింది. ఖమ్మంలో పెట్రోలు బంకు దగ్గర ఆగినప్పుడు క్లీనరు హోటలుకు పోయాడు. బంకువాడు అడగకుండానే ముందు టైరుకు గేజి పెట్టి, "ఏందన్నా, గిట్లనే ఒచ్చినవా?" అన్నాడు. ఎనభై ఉండాల్సిన చోట ముల్లు యాభై కూడా చూపలేదు. రెండో టైరూ అంతే. మొగిలయ్య సీటు కింద చెయ్యి పెట్టాడు. రాడ్డు తీసి కొట్టి విన్నాడు. గాలి నింపమన్నాడు. నింపాక మళ్లీ కొట్టి విన్నాడు.

రెండు చప్పుళ్లూ ఒక్కలాగే వినిపించాయి.

బంకువాడు వేలితో తట్టి, "ఇప్పుడు సూడు, సప్పుడెట్ల మారిందో" అన్నాడు. వాడికి వినిపిస్తున్నది. మొగిలయ్యకు వినిపించడం లేదు. ఇంకోసారి కొట్టాడు, ఇంకా గట్టిగా కొట్టాడు. చెవి వెనక చెయ్యి పెట్టుకోబోయి, చెయ్యి ఎటు పోతున్నదో తెలిసి చటుక్కున దించేశాడు. తప్పు కొత్త టైరుది ఒక్కటే కాదు, తన చెవులది కూడా.

తిరుగుదారిలో లారీ చక్కగా వచ్చింది. ఒక్క వేలితో తిప్పితే తిరిగింది. సంతోషపడాల్సిన మనిషి దారి పొడుగునా దొంగలా ఆలోచించాడు. గాలి తక్కువని చెప్తే, ఎవరు చూశారు గాలి అంటారు. నువ్వే గదా కొట్టి చూసినవ్ అంటారు. వినలేదా అంటారు. ఆ తర్వాత గోదాము ముందు స్టూలు మీద కూర్చున్నది సారంగపాణి కాదు, తనే. ఎదురుగా ఎవడో నిలబడి పెదాలు ఆడిస్తున్నాడు. తొర్రూరు దాటేదాకా ఆ బొమ్మ కండ్ల ముందు నుంచి పోలేదు. వర్ధన్నపేట వచ్చేసరికి అబద్ధం తయారైంది.

అడ్డాలో దిగి అందరూ వినేటట్టు చెప్పాడు. "హబ్బు నట్లు. కొమురెల్లి లూజు ఒదిలిపెట్టిండు. చక్రం ఆడుతాంటె బండి ఆడదా? ఖమ్మంల నేనే ఇప్పి బిగిచ్చిన. ఇగ ఎక్కి సూడున్రి."

సేటు ఎక్కి చూశాడు. హనుమకొండ చౌరస్తా దాకా పోయి వచ్చారు. లారీ గీత గీసినట్టు పోయింది. ఇంకేం సాక్ష్యం కావాలి?

కొమురెల్లి చేతులు నలుపుకుంటూ అన్నాడు, "పావు చుట్టే ఒదిలిన సేటూ. మా ఉస్తాద్ గట్లనే నేర్పిండు."

"గా పావు చుట్టే నీ తప్పు" అన్నాడు మొగిలయ్య.

అడ్డాలో డ్రైవర్లకు హబ్బు లోపలి సంగతి తెలియదు. తెలిసినవాడు ఒక్కడే, వాడే దోషి. సేటు కాలి చెప్పు తీసి ఆ నలుగురిలో కొమురెల్లి ముఖం మీద కొట్టాడు. నా బండిని గోతిలో పడేసేవాడివి కదరా అని ఇంకోటి కొట్టాడు. పనిముట్ల పెట్టెను నడిరోడ్డు మీదికి తన్నించాడు. పానాలు చెల్లాచెదరుగా పడితే అటుగా పోయే రిక్షా ఒకటి వాటి మీదుగా పోయింది. మొగిలయ్య చూస్తూ నిలబడ్డాడు. మనసులో ఏమీ కలగలేదంటే అబద్ధం. కలిగింది. తను కానందుకు హాయిగా అనిపించింది.

పానాలు ఏరుకుని కొమురెల్లి నేరుగా అతని దగ్గరికే వచ్చాడు. పోట్లాటకు వస్తున్నాడనుకుని మొగిలయ్య రాడ్డు బిగించి పట్టుకున్నాడు. పోట్లాటకు కాదు. పెదవి చిట్లి నెత్తురు కారుతుంటే తుడుచుకుంటూ ఆ పిచ్చివాడు అడిగాడు, "అన్నా, మరి ఎంత బిగియ్యాలె? జెప్పు. మల్ల తప్పు చెయ్య."

ఏదో ఒకటి చెప్పాలి. "నిండ బిగియ్యాలె. ఇగ తిరగనంత."

"మరి బేరింగు మెసలాలె గదా?"

"మీ ఉస్తాద్ నడిపిండార బండి? నేను నడిపిన. నీ కండ్లతోని సూడలే?"

చూశాడు. కొమురెల్లి తలూపాడు. తన వదులు నట్టుతో ఊగిన బండి మొగిలన్న బిగింపుతో చక్కగా పోవడం కండ్లారా చూశాడు. ఇన్నేండ్లు ఉస్తాద్ మాట పట్టుకుని ఎన్ని లారీలకు తప్పు చేశానో అని ఆ రాత్రి అనసూయ దగ్గర ఏడ్చాడట.

ఆ తర్వాత వరంగల్లులో అతన్ని ఎవరూ పనికి పిలవలేదు. వర్ధన్నపేటలో ఖమ్మం రోడ్డు పక్కన రేకుల కప్పు ఒకటి వేసుకుని దుకాణం పెట్టాడు. కొత్త పద్ధతి పట్టాడు. హబ్బు విప్పిన ప్రతి బండికీ నట్టు నిండా బిగించాడు. అవి పోయి పోయి దారిలో బేరింగులు మాడి ఆగిపోయాయి. డ్రైవర్లు వచ్చి తిట్టారు, ఒకడు కొట్టాడు. వేరేచోట విప్పి చూసిన మెకానిక్కు, "నట్టు గిట్ల బిగిచ్చిన గాడిద ఎవడు" అన్నాడట. ఆ మాట కొమురెల్లి దాకా వచ్చింది. నమ్మలేదు. మొగిలన్న కంటే వాళ్లకు ఎక్కువ తెలుసా? తన బిగింపే చాలడం లేదనుకున్నాడు. పానాకు ఇనుప పైపు తొడిగి, దాని మీద ఎక్కి నిలబడి బిగించడం మొదలుపెట్టాడు. బేరింగులు ఇంకా త్వరగా మాడాయి. జనం అతనికి మాడుబేరింగుల కొమురెల్లి అని పేరు పెట్టారు. చివరికి ట్రాక్టరు ట్రాలీలు, ఎడ్లబండ్ల ఇరుసులు తప్ప ఇంకేం రాలేదు.

ఒకసారి బస్సెక్కి పోచమ్మ మైదానం వచ్చాడు. మొగిలయ్య నలుగురితో చాయ్ తాగుతున్నాడు. కొమురెల్లి రుమాలు విప్పి మాడి నల్లబడ్డ బేరింగు ఒకటి అతని ముందు పెట్టాడు. "నువ్వు జెప్పినట్టే జేస్తాన అన్నా. ఐనా కాల్తానయ్. నాకు సమజైతలేదు. కైకిలికో కూలికో పోదామంటాంది అనసూయ. నువ్వొక్క మాట జెప్పు."

ఒక్క మాట చాలు. వదులు అంటే చాలు. ఎందుకని కొమురెల్లి అడగడు కూడా, అడిగే రకం కాదు. కానీ పక్కన నలుగురున్నారు. వాళ్లు అడుగుతారు. మరి ఆనాడు బిగించినందుకే బండి బాగైందంటివి గదా అని ఎవడో ఒకడు అంటాడు. మొగిలయ్య బేరింగును వేలితో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇంక జర బిగియ్యాలె" అన్నాడు.

కొమురెల్లి దండం పెట్టి, బేరింగును మళ్లీ రుమాలులో చుట్టుకుని బస్సుకు పోయాడు. మొగిలయ్య ఇంకో చాయ్ చెప్పాడు. ఆ చాయ్ గొంతు ఎట్లా దిగిందో!

ఈ లోపల అతని చెవులు నానాటికీ తీసికట్టయ్యాయి. హైదరాబాదు పోయినప్పుడు ఒక గేజి కొని తువ్వాలలో దాచుకున్నాడు. తెల్లారకముందే అందరికంటే ముందు అడ్డాకు పోయి, దొంగచాటుగా టైరు టైరుకూ పెట్టి చూసి గుర్తు పెట్టుకునేవాడు. జనం చేరాక రాడ్డు తీసి, తల వంచి, వింటున్నట్టు నిలబడి ఆ లెక్కే చెప్పేవాడు. అందరూ ఆహా అనేవాళ్లు. ఇంట్లో భార్య లక్ష్మీనర్సమ్మ, "దవాఖానల సూపిచ్చుకోరాదా" అని ఒక్కసారి అంది. అన్నం పళ్లెం విసిరికొట్టాడు. ఆమె మళ్లీ అనలేదు. అరిచి మాట్లాడడం అలవాటు చేసుకుంది.

అట్లా ఐదారేండ్లు నెట్టుకొచ్చాడు. ఒక ఎండాకాలం మిర్చి బస్తాల లోడుతో ఖమ్మం పోతున్నాడు. సేటుకు అక్కడ పెండ్లి ఉంది, పక్క సీట్లో పట్టుధోవతి నలగకుండా కూర్చున్నాడు. వర్ధన్నపేట ముందు సేటు ముఖం చిట్లించాడు.

"ఏందిరా ఆ సప్పుడు?"

"ఏం సప్పుడు సేటూ?"

"కర్రుకర్రుమంటాంది గదరా! చెవుల సీసం పోసుకున్నవా?"

ఆ మాటకు మొగిలయ్య కాలు బ్రేకు మీద పడింది. వెంటనే ఆపి దిగాడు. ముందు ఎడమ చక్రం బేరింగు విరిగి, ఇంతసేపూ ఊరంతా వినేటట్టు చప్పుడు చేసింది. ఊరంతా విన్నా అతను వినలేదు. వర్ధన్నపేటలో హబ్బు విప్పగలిగినవాడు ఒక్కడే. సేటు తిట్టుకున్నాడు గానీ పెండ్లి టైము దగ్గరపడింది. నెమ్మదిగా ఆ రేకుల కప్పు దాకా నడిపించారు.

కొమురెల్లి జుట్టు నెరిసింది. మొగిలయ్యను చూడగానే దేవుడు గుడి దిగి వచ్చినట్టు సంబరపడ్డాడు. సేటుకు చెట్టు కింద మంచం వేశాడు, నీళ్లు తెచ్చాడు, కొత్త బేరింగు సైకిలు మీద పోయి తెచ్చాడు. గ్రీజు పెట్టి ఎక్కించాడు. నట్టు బిగించి, పానాకు పైపు తొడిగి, దాని మీద రెండు కాళ్లతో ఎక్కి నిలబడ్డాడు.

"సేటూ, ఆనాడు పావు చుట్టు ఒదిలి తప్పు చేసిన. ఇయ్యాల సూడు. మొగిలన్న జెప్పినట్టే." ఇంకోసారి ఎగిరి పైపు మీద దూకాడు. తర్వాత చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని తిప్పబోయి, అది కదలకపోతే గర్వంగా మొగిలయ్య వైపు చూశాడు. "కదులుతాందా అన్నా?"

కదలలేదు. అది కదలకపోవడం అంటే ఏమిటో, మాడిన బేరింగును వేలితో తిప్పి చూసిన మొగిలయ్యకు తెలుసు. సేటు మంచం మీద నుంచి చూస్తున్నాడు. చుట్టూ ఊరివాళ్లు మూగారు. పావు చుట్టు వదలరా అని చెప్పడానికి నోరు తెరిచాడు కూడా.

"మంచిగ చేసినవ్" అన్నాడు.

దారిలో తనే వదులు చేసుకోవచ్చునని లెక్క వేసుకున్నాడు. రాయపర్తి దాటగానే నీళ్లకని ఆపి, పానా తీసుకుని సేటు కంట పడకుండా చక్రం దగ్గర కూర్చున్నాడు. హబ్బు మూత తీశాడు. అప్పటికే చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. పానా వేసి గుంజాడు. నట్టు కదలలేదు. కాలు తన్ని పెట్టి గుంజాడు, రాడ్డు తెచ్చి పానా మీద కొట్టాడు. పైపు మీద ఎక్కి దూకి బిగించిన నట్టది. అంత నమ్మకంతో బిగించిన దాన్ని భయంతో విప్పడం అతని వల్ల కాలేదు. సేటు పిలిచాడు. వినిపించలేదు. మళ్లీ పిలిచి పిలిచి, దిగి వచ్చి భుజం పట్టి ఊపాడు.

"ఏం జేస్తానవ్‌రా ఈడ?"

"నట్టు... సూస్తాన సేటూ."

"వాడు నువ్వు జెప్పినట్టే బిగిచ్చె గదరా! ఇంకేం సూసుడు? ముహూర్తం దాటుతాంది, ఎక్కు."

చెప్పడానికి అది ఆఖరి అవకాశం. మొగిలయ్య మూత పెట్టి ఎక్కాడు.

తొర్రూరు ఇంకా కనిపించకముందే సేటు మాడు వాసన అన్నాడు. చక్రం నుంచి పొగ లేచింది. మొగిలయ్య బ్రేకు మీద కాలు వేసేలోపే చక్రం బిగుసుకుపోయి, స్టీరింగు అతని చేతుల్లోంచి గిర్రున తిరిగింది. లారీ ఎడమకు ఒరిగి కల్వర్టు గోడను పగలగొట్టుకుని ఎండిన వాగులో పడింది. మిర్చి బస్తాలు పగిలి ఆ గాలంతా ఘాటెక్కింది. వాళ్లిద్దరినీ బయటికి లాగడానికి వాగులోకి దిగినవాళ్లు దగ్గుతూ పైకి పరుగెత్తారు. సేటు భుజం ఎముక విరిగి బయటపడ్డాడు. మొగిలయ్య కుడికాలు పెడళ్ల మధ్య నలిగి అట్లాగే ఉండిపోయింది. కండ్లల్లో మిర్చి పడుతుంటే చాలాసేపు అరిచాడు. తన అరుపు మాత్రం తనకు బాగానే వినిపించింది.

వరంగల్ దవాఖానలో మోకాలి కింద తీసేశారు. సేటు చూడడానికి రాలేదు. లారీ బాగు కాకముందే తాళాలు ఇంకెవరికో ఇస్తానన్నాడని లక్ష్మీనర్సమ్మ అరిచి చెప్పింది. సీటు పోయింది, కాలు పోయింది, చెవులు ఎప్పుడో పోయాయి. ఇక దాచుకుని కాపాడుకోవాల్సింది ఏమీ మిగలలేదు.

కొమురెల్లి వచ్చాడు. మంచం పక్కన నేల మీద కూర్చుని, తీసేసిన కాలు ఉండాల్సిన చోటు చూసి ఏడ్చాడు. తలెత్తి ఏదో అన్నాడు. మొగిలయ్యకు పెదాలు ఆడడం కనిపించింది, మాట రాలేదు. మళ్లీ ఆడాయి. ఒక్క క్షణం అతనికి అడ్డా అంతా చుట్టూ నిలబడి నవ్వడానికి సిద్ధంగా ఉన్నట్టనిపించింది. అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని ముందుకు వంగాడు.

"ఆఁ? జర గట్టిగ జెప్పు."

కొమురెల్లి దగ్గరికి జరిగి, వార్డు అంతా తిరిగి చూసేటట్టు అరిచాడు. "నా తప్పేనా అన్నా? తక్కువ బిగిచ్చిన్నా?"

మొగిలయ్య అతని ముఖంలోకి చూశాడు. చుట్టూ అడ్డావాళ్లు ఎవరూ లేరు. జ్వరంతో మూలిగే రోగులు, మూలన గిన్నె కడుగుతున్న భార్య. నిజం చెప్పినా ఊడేదేమీ లేదు. ఈ మనిషి రేపటి నుంచి మళ్లీ సరిగ్గా పని చేసుకుని బతుకుతాడు. మొగిలయ్యకు అదంతా తెలుసు. నోరు తెరిచేసరికి, ఇన్నేండ్లు ఏ మాట వచ్చిందో ఆ మాటే వచ్చింది.

"అవ్. ఇంక జర బిగియ్యాల్సుండె."

కొమురెల్లి చాలాసేపు తలూపాడు. తప్పేమిటో తెలిసినందుకు మనసు కొంచెం తేలికపడ్డట్టుంది. కండ్లు తుడుచుకుని, తెచ్చిన రెండు బత్తాయిలు దిండు పక్కన పెట్టాడు. సాయంత్రం ఒక ట్రాక్టరు వస్తుందట, హబ్బు విప్పాలట. లేస్తూ మొగిలయ్య చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పాడు.

"ఈసారి పొడుగు పైపు తెచ్చుకుంట అన్నా."